ఎర్ర సిరా గీత

మా పెదనాన్న దగ్గర ఒక పాత లాంగ్ నోట్‌బుక్ ఉంది. మార్కాపురం చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పిన మనిషి ఆయన. తర్లుపాడు, కొమరోలు, రాచర్ల, అర్ధవీడు, ఎక్కడికి బదిలీ అయితే అక్కడ చెవిన పడిన మాటల్ని అందులో రాసుకున్నాడు. రాయడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. మాట కింద ఎర్ర సిరాతో గీత. అది విన్న ఊరి పేరు నీలి సిరాతో. జనం ఆ మాటను వాడిన వాక్యం ఆకుపచ్చతో. అర్థం మాత్రం మామూలు నల్ల సిరాతో. ‘వంక’ అన్న చోట ఎర్ర గీత, పక్కన నీలంతో ‘అర్ధవీడు’, నల్లగా ‘వానాకాలంలో పారే చిన్న ఏరు’, దాని కింద ఆకుపచ్చగా ‘రాత్రి వానకు వంక పొంగి బస్సు రాలేదు’. పుస్తకమంతా ఇదే తీరు. ఎక్కడా రంగు తప్పలేదు.

2004లో ఆ మాటల్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయిద్దామని ఒక డీటీపీ సెంటరుకు తీసుకెళ్లాం. రంగులు వేస్తే ఖర్చు తట్టుకోలేమని ఎర్ర గీతల మాటల్ని బొద్దు అక్షరాలుగా మార్చారు. నీలివీ ఆకుపచ్చవీ రెండూ వాలు అక్షరాలైపోయాయి. పుస్తకం ముచ్చటగానే వచ్చింది. చుట్టాలకు, బడులకు పంచాం. ఆ తరువాత పదేళ్లకు నాకొక ఆశ పుట్టింది. ఏ ఊళ్లో ఏ మాటలున్నాయో విడదీసి జాబితాలు చేస్తే, గిద్దలూరు వైపు మాటకూ పొదిలి వైపు మాటకూ తేడా కనబడుతుంది కదా అని. సీడీ తీసుకుని ఇంకో సెంటరుకు పోయాను. ఫైలు తెరవగానే తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, ఆశ్చర్యార్థకాలు.

“ఏందన్నా ఇది?” అన్నాను.

“ఆ ఫాంటు మా దగ్గర లేదన్నా. అది ఉంటేనే తెలుగు కనబడేది” అన్నాడా అబ్బాయి.

నాలుగు రోజులు తిరిగి ఆ ఫాంటు సంపాదించాం. తెలుగైతే కనబడింది గానీ అసలు చిక్కు అప్పుడు మొదలైంది. వాలు అక్షరాల్లో ఉన్నవాటిని ఏరి ఇమ్మంటే కంప్యూటరు ఊళ్ల పేర్లతోపాటు వాక్యాలనూ కలిపి కుమ్మరించింది. ఏది ఊరో ఏది వాక్యమో నా కంటికి తెలుస్తుంది. యంత్రానికి తెలిసిందల్లా అక్షరాలు పక్కకు వాలి ఉన్నాయన్న ఒక్క సంగతే. మూడు రంగుల్లో పెదనాన్న దాచిపెట్టిన అర్థాన్ని ‘బొద్దు, వాలు’ అనే రెండు వేషాల్లోకి కుక్కేశాం. ఆ కుక్కడంలో అది పోయింది.

ఆ వాలు అక్షరాల ముందు నేను కూర్చున్నట్టే, 1960ల చివర్లో అమెరికాలో ఒక లాయరు కూర్చున్నాడు. ఆయన కథ తెలిశాక నా చిక్కు ఎంత పాతదో, దాన్ని విప్పడానికి ఎందరు ఎన్నేళ్లు పడ్డారో అర్థమైంది.

ఆయన పేరు చార్లెస్ గోల్డ్‌ఫార్బ్. హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదివి, బోస్టన్‌లో ప్రాక్టీసు చేసి, 1967లో ఐబీఎం కంపెనీలో చేరాడు. బోస్టన్ పక్కనే కేంబ్రిడ్జిలో ఉన్న ఆ కంపెనీ పరిశోధన కేంద్రంలో ఆయనకు అప్పగించిన పని వినడానికి చిన్నదే. లాయర్ల ఆఫీసుకు పనికొచ్చే కంప్యూటరు ఏర్పాటు చేయాలి. పాత తీర్పుల్లోంచి కావలసింది వెతకాలి, దాన్ని కొత్త దస్తావేజులో చేర్చి దిద్దుకోవాలి, చివరికి చక్కగా అచ్చు తీయాలి. వెతికే ప్రోగ్రాము ఒకటి, దిద్దే ప్రోగ్రాము ఒకటి, పేజీలు కూర్చే ప్రోగ్రాము ఒకటి అప్పటికే ఉన్నాయి. మూడింటినీ కలిపితే చాలు.

అవి కలవలేదు. ఒకదానికోసం తయారైన కాగితం ఇంకొకదానికి అర్థం కాలేదు.

ఎందుకో తెలియాలంటే సీసం అక్షరాల కాలానికి ఒకసారి వెళ్లాలి. రాతప్రతి కంపోజింగుకు పోయే ముందు సంపాదకుడు దాని అంచుల్లో గుర్తులు పెట్టేవాడు. ఈ వరుస ఇంత పాయింటు, ఇది బొద్దు, ఇది మధ్యకు, ఇక్కడ రెండు వరుసల జాగా. కంపోజిటరు ఆ గుర్తుల ప్రకారం అక్షరాలు పేర్చేవాడు. ఇంగ్లీషు అచ్చాఫీసుల్లో ఆ గుర్తులు పెట్టడాన్నే మార్కప్ అనేవారు. కంప్యూటర్లు వచ్చాక ఆ గుర్తులే రాతలో కలిసిపోయాయి. ‘మధ్యకు జరుపు’, ‘రెండు వరుసలు వదులు’ వంటి ఆజ్ఞలు వాక్యాల మధ్య కూర్చున్నాయి. ఒక్కో ప్రోగ్రాముకు ఆజ్ఞలు ఒక్కో రకం. పైగా అవన్నీ ‘ఏం చేయాలి’ అని చెప్పేవే. ‘ఇదేమిటి’ అని చెప్పేది వాటిలో ఒక్కటీ లేదు. తీర్పు పేరు మధ్యకు జరుగుతుంది, అధ్యాయం పేరూ మధ్యకే జరుగుతుంది. మధ్యలో కనబడ్డవాటిలో తీర్పు ఏది అని అడిగితే యంత్రం నోరు మెదపదు. నా ఊళ్లూ వాక్యాలూ ఒకే వాలులో కలిసిపోయినట్టే.

ఇది ఒక్క గోల్డ్‌ఫార్బ్‌కు తట్టిన సంగతి కాదు. 1967 సెప్టెంబరులో కెనడా ప్రభుత్వ ముద్రణాలయంలో జరిగిన ఒక సమావేశంలో విలియం టన్నిక్లిఫ్ అనే ముద్రణరంగపు మనిషి లేచి, రాతలోని విషయాన్నీ దాని రూపాన్నీ వేరుచేయాలని వాదించాడు. దాదాపు అదే కాలంలో న్యూయార్కులో స్టాన్లీ రైస్ అనే పుస్తకాల డిజైనరు, పుస్తకంలోని భాగాలన్నిటికీ అందరూ వాడే పేర్లు పెట్టుకుందామన్నాడు. ముద్రణవారి సంఘం ఒక కమిటీ వేసింది. అన్ని పుస్తకాలకూ, అన్ని పత్రికలకూ, అన్ని దస్తావేజులకూ సరిపోయే ఒకే పేర్ల పట్టిక తయారు చేయడం మొదటి ఆశ. అది కుదరలేదు. వంటల పుస్తకంలో ‘కావలసినవి’ ఉంటాయి, తీర్పులో ‘వాది’, ‘ప్రతివాది’ ఉంటారు, నిఘంటువులో ‘వ్యుత్పత్తి’ ఉంటుంది. ఒక్కో రాతది ఒక్కో కుటుంబం. ఒకే పట్టికలో ఇమడమంటే ఎలా ఇముడుతాయి? ఆ ఓటమి వల్లే ముందుదారి తెలిసిందని నాకనిపిస్తుంది. పేర్లు అందరికీ ఒకటే కానక్కరలేదని, పేర్లు పెట్టుకునే పద్ధతి ఒకటైతే చాలని దాంతో తేలింది.

1969లో గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ ముగ్గురూ కలిసి ఆ పద్ధతి కనిపెట్టారు. రాతలో ఒక్కో ముక్కకూ ముందొక చీటీ. ‘ఇది శీర్షిక’, ‘ఇది పేరా’, ‘ఇది జాబితా’. అంతే. ఎంత పెద్ద అక్షరం, ఎంత జాగా అన్న మాటే అందులో లేదు. పేజీలు కూర్చే ప్రోగ్రాము శీర్షికను చూసి పెద్దక్షరాలు వేసుకుంటుంది. వెతికే ప్రోగ్రాము అదే చీటీని చూసి శీర్షికల్లో మాత్రమే వెతుకుతుంది. ఒకే కాగితం మూడింటికీ అర్థమైంది. ఈ పద్ధతికి పేరు పెట్టేటప్పుడు ముగ్గురి ఇంటిపేర్లలోని తొలి అక్షరాలు జి, ఎం, ఎల్ వచ్చేలా గోల్డ్‌ఫార్బ్ ‘జనరలైజ్డ్ మార్కప్ లాంగ్వేజ్’ అని కూర్చాడు. ఇవాళ ప్రపంచమంతా వాడే ‘మార్కప్ లాంగ్వేజ్’ అనే మాట అలా పుట్టింది. ముగ్గురు స్నేహితుల పేర్లు దాచుకోవడానికి కట్టిన మాట.

చీటీలు పెట్టడం ఒక ఎత్తు, అవి సరిగ్గా పెట్టారో లేదో చూడడం ఇంకొక ఎత్తు. వేల పేజీల్లో ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట పొరబడతారు. 1974లో గోల్డ్‌ఫార్బ్‌కు రెండో గొప్ప ఆలోచన వచ్చింది. ఈ రకం రాతలో ఏ భాగాలుండాలి, దేని లోపల ఏది రావాలి అన్న నియమాలను ముందే ఒకచోట రాసిపెడితే, వాటిని చదివి రాతనంతా సరిచూసే ప్రోగ్రాము చేయవచ్చు. పెదనాన్న నోట్‌బుక్కుకే ఈ నియమం పెట్టామనుకోండి: ప్రతి మాటకూ ఒక అర్థం ఉండి తీరాలి, కనీసం ఒక ఊరు ఉండాలి, వాక్యాలు ఎన్నయినా ఉండవచ్చు. ఊరు రాయడం మరచిపోయిన మాట దగ్గర ఆ ప్రోగ్రాము ఆగి, ఇక్కడ ఊరు లేదని చెబుతుంది. అచ్చుకు పోయాక దొరికే తప్పు రాస్తుండగానే దొరుకుతుంది.

దీన్ని అందరి సొత్తుగా మార్చడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. 1978లో అమెరికా ప్రమాణాల సంస్థ కమిటీ వేసి గోల్డ్‌ఫార్బ్‌ను చేర్చుకుంది. 1980లో మొదటి చిత్తుప్రతి వచ్చింది. దానిమీద వాదాలు, దిద్దుబాట్లు, మళ్లీ చిత్తుప్రతులు. 1983 నాటికి ఆరోది. 1986 అక్టోబరులో అది ‘ఎస్‌జీఎంఎల్’ అనే పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది, సంఖ్య ఐఎస్ఓ 8879. ఆ ప్రమాణాన్ని అచ్చు వేయడానికి కూడా ఆ పద్ధతినే వాడారు. అందుకు కావలసిన ప్రోగ్రాములు సమకూర్చినవాడు ఆండర్స్ బెర్గ్‌లండ్. ఆయన పనిచేసింది స్విట్జర్లాండులోని సెర్న్ అనే అణు పరిశోధనశాలలో. ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోండి, కథ మళ్లీ అక్కడికి వస్తుంది.

ఈలోగా నిఘంటువుల వాళ్లు రంగంలోకి దిగారు. మా పెదనాన్నకు దగ్గరి బంధువులని వాళ్ల గురించి కాస్త ఎక్కువే చెప్పాలనుంది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువును కంప్యూటరులోకి ఎక్కించే పని 1984లో మొదలైంది. సుమారు 120 మంది టైపిస్టులు ఏడాదిన్నర పాటు 35 కోట్ల అక్షరాలు కొట్టారు. ఉత్త అక్షరాలు కొట్టి ఊరుకుంటే ఆ శ్రమంతా నా సీడీలాగే అయ్యేది. ఇది తల పదం, ఇది ఉచ్చారణ, ఇది వ్యుత్పత్తి, ఇది ప్రయోగం, ఇది ఆ ప్రయోగం చేసిన ఏడు, అని చీటీలతో సహా ఎక్కించారు. 1989లో ఇరవై సంపుటాలుగా రెండో కూర్పు వచ్చింది. అంతకంటే విలువైనది వెనక మిగిలింది. ఫలానా ఏట మొదటిసారి కనబడిన మాటలన్నీ ఇమ్మంటే ఇచ్చే నిఘంటువు అది. ఆ పనికి తోడ్పడిన కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో టిమ్ బ్రే అనే యువకుడు ఉన్నాడు. ఆయనా మళ్లీ వస్తాడు.

తెలుగు నిఘంటువు అనగానే మనకు బ్రౌన్ గుర్తొస్తాడు. 1820లో కడపలో ఉద్యోగానికి వచ్చి, పండితులను ఇంట పెట్టుకుని తాళపత్రాలకు శుద్ధప్రతులు రాయించి, 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు. ఆయన కాలంలో మా కంభం, మార్కాపురం సీమలు కడప జిల్లాలోనే ఉండేవి. 1858లో కర్నూలుకు పోయి, 1970లో ఒంగోలు జిల్లాలో కలిశాయి. ఆ నిఘంటువు 1903 నాటి ముద్రణను చికాగో విశ్వవిద్యాలయం వాళ్లు తమ దక్షిణాసియా డిజిటల్ నిఘంటువుల్లో చేర్చారు. తల పదాల్లోనే వెతకమంటే అది తల పదాల్లోనే వెతుకుతుంది, అర్థాలతో సహా వెతకమంటే అలాగే వెతుకుతుంది. అంత పాత నిఘంటువులో ఏ ముక్క ఏమిటో ఎవరో ఓపిగ్గా గుర్తు పెట్టారు కనుకే అది సాధ్యమైంది.

ఇప్పుడు సెర్న్‌కు వద్దాం. అక్కడి శాస్త్రవేత్తలు తమ కాగితాలు రాయడానికి ఎస్‌జీఎంఎల్ చీటీలకు, అంటే ట్యాగులకు, అలవాటు పడ్డారు. 1989లో అక్కడే పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్‌లీ కాగితాలను ఒకదానికొకటి ముడివేసే వల ఒకటి అల్లుదామని ప్రతిపాదించాడు. దానికి ఒక రాత పద్ధతి కావలసి వచ్చింది. కొత్తది కనిపెట్టకుండా, తోటివాళ్లకు తెలిసిన శీర్షిక, పేరా, జాబితా ట్యాగులనే తీసుకుని, ఇంకో కాగితానికి దారి చూపే లంకెను చేర్చాడు. 1991లో ఆయన రాసిపెట్టిన తొలి పట్టికలో ఉన్నవి 18 ట్యాగులే. అదే హెచ్‌టీఎంఎల్. పక్క గదుల్లో ఆ అలవాటు ముందే లేకపోతే వెబ్‌కు ఏ భాష వచ్చి ఉండేదో! అదృష్టం అలా పక్క గదిలో కాచుకుని కూర్చుంది.

కానీ జనానికి సోకులు కావాలి. బ్రౌజర్లు చేసే కంపెనీలు పోటీపడి రంగుల ట్యాగులు, మధ్యకు జరిపే ట్యాగులు, మిణుకుమిణుకుమనే అక్షరాల ట్యాగులు దించాయి. వాటిలో ‘ఫాంట్’ ట్యాగు ఒకటి. ‘ఇదేమిటి’ అని చెప్పడానికి పుట్టిన భాష ‘ఎలా కనబడాలి’ అన్న పాత గోతిలోనే మళ్లీ పడింది. ఆ దెబ్బ అందరికంటే గట్టిగా తగిలింది మనలాంటి భాషలకే. లోపల ఇంగ్లీషు అక్షరం దాచి, పైన తెలుగు ముఖం తొడిగి, ఈ ఫాంటుతోనే చూడమన్నారు. తెలుగు పత్రికలవాళ్లు ఎవరి ఫాంటు వారు వాడుకున్నారు. చూడ్డానికి తెలుగే, వెతికితే దొరకదు. ఒకరి రాత ఇంకొకరి దగ్గర నా సీడీలాగే డాలర్ గుర్తులయ్యేది. యూనికోడ్ 1991లోనే తెలుగు అక్షరాలకు స్థిరమైన సంఖ్యలు ఇచ్చింది గానీ, అవి మన తెరల మీదికి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు చేసి ఉచితంగా పంచారు. వెన్న నాగార్జున ఈ వేషాల ఫాంట్ల తెలుగును అసలు తెలుగుగా మార్చే ‘పద్మ’ అనే ఉపకరణం తయారు చేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలు కావడానికీ ఆయనే కారణం. కంటికి మాత్రమే కనబడిన నా ఫైలు వెతికితే దొరికే తెలుగుగా మారింది ఇలాంటి మార్పిడి ఉపకరణం వల్లే.

వేషం గోల ముదిరాక కొందరు మళ్లీ మొదటికి వెళ్లారు. ఎస్‌జీఎంఎల్‌లో సత్తా ఉంది, కానీ మోయలేనంత బరువు. దాన్ని చెక్కి చిన్నది చేయాలి. 1996లో సన్ కంపెనీకి చెందిన జాన్ బోసాక్ నాయకత్వంలో పట్టుమని పదిమంది కూడారు. కూడారన్నది పేరుకే, అందరూ ఒక గదిలో కలుసుకున్నదే లేదు. ఉత్తరాలు ఈమెయిల్‌లో, వాదాలు వారం వారం టెలిఫోనులో. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని తెగ తర్కించుకున్నారు. చిత్తుప్రతి రాసిన ఇద్దరిలో ఒకరు మైకేల్ స్పెర్‌బర్గ్ మెక్‌క్వీన్, రెండోవారు ఆ నిఘంటువు కుర్రాడు టిమ్ బ్రే. ఆ ప్రతిని నవంబరులో లోకానికి చూపింది బోస్టన్‌లో. గోల్డ్‌ఫార్బ్ తలపట్టుకున్న చోటికి ఇరవై ఏడేళ్లకు కథ తిరిగొచ్చింది. 1998 ఫిబ్రవరి 10న ఎక్స్‌ఎంఎల్ అధికారికంగా వెలువడింది.

అందులో వాళ్లు తీసుకున్న ఒక నిర్ణయానికి నేను చేతులెత్తి మొక్కుతాను. ఎక్స్‌ఎంఎల్ రాత యూనికోడ్ మీదే నిలబడాలన్నారు. విషయమే కాదు, ట్యాగుల పేర్లు కూడా ఏ లిపిలోనైనా ఉండవచ్చన్నారు. ట్యాగుల పట్టిక వాళ్లివ్వలేదు. పేర్లు మీవి, తెరిచిన ట్యాగును మూయండి, ఒకదానిలో ఒకటి సరిగ్గా పొదగండి, అంతవరకే నియమం. ఇవాళ మనం వర్డ్‌లో దాచుకునే డాక్స్ ఫైలు లోపల ఉన్నదీ ఎక్స్‌ఎంఎల్లే. ఆ ఫైలు పేరు చివర ‘జిప్’ అని మార్చి విప్పి చూడండి, ట్యాగుల గుట్ట బయటపడుతుంది.

ఇదంతా తెలిశాక పాత సీడీని పక్కన పెట్టాను. పెదనాన్నను అడిగి నోట్‌బుక్ తెచ్చుకున్నాను. రంగులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎరుపు కనబడితే ఒక ట్యాగు, నీలం కనబడితే ఇంకొకటి. రోజూ రాత్రి భోజనాలయ్యాక రెండు పేజీలు.

<మాట>
<పదం>కపిల</పదం>
<ఊరు>రాచర్ల</ఊరు>
<అర్థం>ఎద్దులతో బావిలోంచి నీళ్లు తోడే ఏర్పాటు</అర్థం>
<వాడుక>కోడి కూయకముందే కపిల తోలేవాళ్లం</వాడుక>
</మాట>

సరిచూసే ప్రోగ్రాము మొదటి రోజే రెండు మాటల దగ్గర ఊరు లేదని ఆపింది. పొరపాటున నేను వదిలేశానేమోనని నోట్‌బుక్ చూస్తే అందులోనూ లేదు. పెదనాన్నను అడిగితే కాసేపు కళ్లు మూసుకుని, ఒకటి కొమరోలు అన్నాడు. రెండోది ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. దానికి ‘తెలియదు’ అనే ఊరు పెట్టాం.

అంతా అయ్యాక ఒక సాయంత్రం ఆయన పక్కన కూర్చుని, రాచర్ల మాటలన్నీ ఇమ్మని కంప్యూటరును అడిగాను. వరుసగా వచ్చాయి. ఆయన అద్దాలు సరిచేసుకుని ఒక్కో మాటా పైకి చదివాడు. ఒకచోట ఆగి, ఆ వాక్యం అన్నది ఎవరో, ఏ అరుగు మీద కూర్చుని అన్నారో చెప్పాడు. తరువాత తెరకు దగ్గరగా వంగాడు.

“నా గీత ఏదిరా ఇందులో?”

“లోపల ఉంది పెదనాన్నా. ఇది తల పదం అని గుర్తు ఉంది. పైకి ఏ రంగు కావాలంటే ఆ రంగు వేసుకోవచ్చు.”

“ఎరుపే వెయ్యి” అన్నాడు.